ఆదోని ఎండ

బెంగళూరులో మా రేకుల గదికి లోపల గడియ పెట్టి, నా మొగుడు మారెప్ప బెల్టు తీసినాడు.

“ఆదోనికి పోదామంటావా? ఆడ నలభై నాలుగు డిగ్రీల ఎండ. మాడి సస్తామే!”

“ఈడ బాడిగె ఎనిమిది వేలు. ఆడ రెండు వేలకే ఇల్లు దొరుకుతుంది” అంటిని.

బెల్టు దెబ్బకు వీపు చిట్లింది.

“ఆడ కూలి తక్కువ గదా?”

“తిండి ఖర్చు కూడా తక్కువే గదప్పా.”

ఈసారి జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టినాడు. కంట్లోకి రక్తం కారింది. అయినా నేను మాట మార్చలేదు.

చేతులు నొప్పి పుట్టినాక, “సరే, పోదాం. ఎండకు ఏడిస్తే మళ్లా తంతా” అన్నాడు.

రక్తం తుడుచుకుని బట్టలు మూట కడితిని.

ఆదోని ఎండకు మా పుట్టింటి గేరిలో ఏ ఇంటోళ్లూ తలుపు మూసుకోరు. పొద్దు వాలితే అందరి మంచాలూ వీధిలోనే ఉంటాయి. మా అన్నలు నలుగురివి కూడా.