వెనక్కి తిప్పని కారు

తాళం వేసి వీధి దాటకముందే వెనక్కొచ్చి లాగి చూడటం మావారి జబ్బు. అది మానడానికి, తనంతట తానే నడిచే మా కారుకు ఆయనే నేర్పారు: ఎంత బతిమాలినా వెనక్కి తిప్పకూడదని, వంద లెక్కపెట్టించాలని.

ఈరోజు మేనకోడలి పెళ్లి. పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకురావాల్సిన మేనమామ ఈయనే. ముహూర్తం గంటలో ఉంది.

వీధి మలుపులో, "తాళం..." అన్నారు.

"వంద లెక్కపెట్టండి సార్," అంది కారు.

చెమటలు కక్కుతూ లెక్కపెట్టారు. "చూశావా సుభాషిణీ, గెలిచాను!"

అంతలో కారు గిర్రున వెనక్కి తిరిగింది.

"ఏమైందే నీకు?" అని అరిచాను.

"నా షెడ్డు తలుపు వేశానో లేదో అమ్మగారూ! ఒక్కసారి చూసొద్దాం."

ఆయనతో మూడేళ్ల సావాసం మరి. ఇంటికొచ్చి చూస్తే తలుపు వేసే ఉంది.

"ఇంక పదవే," అన్నాను.

"వెనక్కి తిరిగొచ్చాం కదమ్మా, కాస్త కరెంటు తాగి బయల్దేరదాం."