కెమెరా పెట్టిన ఇల్లు

పొద్దు గూకుతుండగా కొండవైపు నుంచి మొదటి కేక వినిపించింది. ఐదేళ్ళ సుజు పరుగున వచ్చి తల్లి తోయోనో నడుం పట్టుకుంది.

"నమహగేలు బయల్దేరారు," అన్నాడు డాక్యుమెంటరీ తీయడానికి వచ్చిన కుజుమి, కెమెరా స్టాండు సరిచేస్తూ. "మీ ఆయన ఏరక్కా?"

"వస్తాడు," అంది తోయోనో.

ఆమె ఎండుచేపల కొట్టు నడిపే మనిషి. డాక్యుమెంటరీ తీసుకోవడానికి ఇల్లు ఊరికే ఇవ్వలేదు, కొట్టు బోర్డు అందులో కనిపించాలని ముందే మాట తీసుకుంది. అసలు బేరం ఇంకా మిగిలే ఉంది. ఏటా ఏడాది చివరి రాత్రి నమహగేలు, అంటే రాక్షస ముఖాలు, గడ్డి అంగీలు వేసుకున్న దేవుళ్ళు, ఇంట్లోకి జొరబడి, పిల్లను కొండకి ఎత్తుకుపోతామని గద్దిస్తారు. ఇంటి యజమాని బియ్యపు సారా, సాకే పోసి, నచ్చజెప్పి పంపాలి. అతని కోసం ఇస్త్రీ చేసిన కిమోనో చాప మీద పరిచి ఉంది.

ఆమె భర్త తేయిజి తెల్లారకముందే పడవెక్కాడు. ఉరుములకి హతాహతా చేపలు ఒడ్డుకొచ్చే రోజులు. "పండగపూట మంచి రేటు. ఒక్క వల వేసి వచ్చేస్తా" అన్నాడు. తోయోనో వద్దనలేదు. ఆ లెక్క ఆమెకూ నచ్చింది.

కేకలు దగ్గరయ్యాయి. ఎగువ ఇంట్లో తలుపులు దడదడలాడాయి. పిల్లలు గొల్లుమన్నారు.

"నాన్న లేకపోతే నన్నెత్తుకుపోతారా అమ్మా?"

"నేను లేనూ? నాతో బేరమాడి గెలిచినోడు ఈ ఊళ్ళో ఎవడే!"

అన్నదే గానీ, ఆమె చూపు కిటికీని వదల్లేదు. అలలు గట్టు దాటి రోడ్డు మీద పడుతున్నాయి.

రేవు వైపు నుంచి ఎవరో పరుగెత్తుకొచ్చిన చప్పుడు. పక్కింటి దగ్గర కేకలు చటుక్కున ఆగిపోయాయి.

"సాకే గట్టిగానే పోస్తున్నట్టున్నారు," నవ్వాడు కుజుమి.

తోయోనో నవ్వలేదు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత మంచులో అడుగులు. అరుపులు మాత్రం లేవు.

గుమ్మం బయట కొమ్ములున్న ముఖాలు మూడు నిలబడ్డాయి. సుజు కళ్ళు గట్టిగా మూసుకుంది. ముఖాలు మెల్లగా వంగాయి. వెనక్కి తిరిగాయి.

కుజుమి బయటికి దూకాడు. "ఇదేంటి పెద్దాయనా! పొద్దుట్నుంచీ ఈ ఒక్క సీను కోసమే కాచుక్కూచున్నా. లోపలికి రండి!"

అతన్ని పక్కకి నెట్టి తోయోనో వచ్చింది. సాకే సీసా వాళ్ళ ముందుకి చాచింది.

"దేవరా, ఒక్క అడుగు లోపల పెట్టి వెళ్ళండి. ఒక్క అడుగే! ఏం కావాలంటే అది ఇస్తా."

"చావు మైల ఉన్న ఇంట్లో మేం అడుగు పెట్టమని నీకు తెలుసుగా, తోయోనో," అంది ఎర్ర ముఖం వెనక నుంచి ఒక మామూలు మనిషి గొంతు.