ఆట వీసా

గల్ఫ్‌లో, దుక్మ్ లేబర్ క్యాంపులో సంజీవ్‌ది ఆట వీసా. కంపెనీ జట్టుకు బ్యాటింగ్ చేయడమే అతని డ్యూటీ. ఏసీ రూమ్, రోజూ గుడ్లు, కొత్త బూట్లు.

ఇస్తారిది కూలి వీసా. పగలంతా సైట్‌లో ఇనుప చువ్వలు కట్టి, సాయంత్రం నెట్స్‌లో సంజీవ్‌కు ఊరికే బంతులు వేసేవాడు. రెండేళ్లయినా జెర్సీ ఇవ్వలేదు. "ప్లేయర్‌కు దెబ్బ తగులుతుంది, మెల్లగా వెయ్యి" అనేవాడు మేనేజర్.

మొన్న మాత్రం తన బంతి ఎట్లుంటుందో మేనేజర్ చూడాలని ఇస్తారి బలమంతా పెట్టి వేశాడు. సంజీవ్ పాదం ఎముక విరిగింది.

ఈ రోజు ఇస్తారికి జెర్సీ ఇచ్చారు. దాన్ని చంకలో పెట్టుకుని సంజీవ్ రూమ్‌కు వెళ్లాడు. అతను మంచం మీద కూర్చుని బ్యాగు సర్దుకుంటున్నాడు.

"ఏడికన్నా?"

"ఇంటికి. వీసా క్యాన్సిల్ చేసిన్రు."

"కాలు మానినంక ఆడొచ్చు గద?"

"అందాక ఎవడు పెట్టుకుంటడు? ఆడకున్నా నీకు డ్యూటీ ఉంటది తమ్మీ. నాకు ఆటే డ్యూటీ."

"కావాలనే జోరుగ ఏసిన అన్నా."

"ఎరుకే. మంచి బాల్." సంజీవ్ తన కొత్త బూట్లు తీసి అతని ముందు పెట్టాడు. "ఏసుకొని ఆడు. ఆట వీసా ఇస్తమని కాయితం తెస్తరు. దాని మీద మాత్రం ఏలిముద్ర ఎయ్యకు."

ఇస్తారి తన బొటనవేలిని జెర్సీ మడతలో దాచుకున్నాడు. పొద్దున అంటిన నీలం సిరా ఇంకా పోలేదు.