ఉత్త బుట్టలు

ఏడేళ్లుగా రంజాన్ బీని ఒకే అనుమానం తొలుస్తోంది. ఆ యేడు ఊళ్లో నాలుగు చేలల్లో కట్టిన బుట్టల నిండా రెక్కల పురుగులు పడ్డాయి. తమ చేనిలో కట్టిన పది బుట్టల్లో ఒక్క పురుగైనా ఎందుకు పడలేదు?

బుట్టలు కట్టించినవాడు కేశవ. ధర్మవరం మగ్గాల ఇంటి పిల్లవాడు, పురుగుల శాస్త్రవేత్త. విడపనకల్లు పక్క చిట్టడవిలో గొంగళి పురుగుల మీద పరిశోధన చేస్తూ రెండేళ్లు ఆ ఊళ్లోనే ఉన్నాడు. ఆడ పురుగు ఒక వాసన వదులుతుందట. దాన్ని పట్టుకుని మగ పురుగు ఎంత దూరమైనా వెతుక్కుంటూ వస్తుందట. కేశవ ఆ వాసనను చిన్న రబ్బరు ముక్కలకు పట్టించి బుట్టలకు వేలాడదీశాడు. మగవి వచ్చి అందులో పడతాయి. జత లేక ఆడవి గుడ్లు పెట్టవు. మందు కొట్టకుండానే పంట నిలుస్తుంది.

ఐదు చేలు ఎంచుకుని, వాటిల్లో మందు కొట్టొద్దన్నాడు. బుట్టలు కట్టడానికి తోడు తిరిగింది రంజాన్ బీ భర్త హుస్సేన్ పీరా. ఆ రెండేళ్లూ కేశవ తిన్నది రంజాన్ బీ చేతి జొన్నరొట్టె.

పక్క చేను ఓబులమ్మది. ఆమె గట్టు మీద నిలబడి కేక వేసేది.

"యాడికి పోతాండావు రంజానూ? ఈడికొచ్చి చూడు. మగ పురుగులన్నీ కొత్తల్లుళ్ల మాదిరి నా బుట్టల్లోకి దిగబడినాయి!"

రంజాన్ బీకి నవ్వు వచ్చేది కాదు. దర్గాలో చక్కెర చదివించి తెచ్చి చేనంతా చల్లింది. అయినా గొంగళ్లు దిగి, వేరుశనగ ఆకును ఈనెలు మిగిల్చి తినేశాయి. గొర్రెలు అమ్ముకున్నారు. కొడుకు జమీల్ పాలిటెక్నిక్ సీటు వదిలేసి బళ్లారికి సెంట్రింగ్ పనికి పోయాడు.

ఐదు పూటల నమాజులోనూ ఆమె అడిగింది ఒక్కటే. "అల్లా, నా వల్ల ఏం తప్పు జరిగినాది?"

హుస్సేన్ పీరా మాత్రం "దేవుని మింద నింద ఎయ్యొద్దు" అనేవాడు. అంతకు మించి నోరు విప్పేవాడు కాదు.

ఇన్నాళ్లకు కేశవ మళ్లీ వచ్చాడు. చేతిలో అచ్చయిన తన పరిశోధన పుస్తకం. రంజాన్ బీ సంతోషంగా భర్త పక్కనే కూర్చోబెట్టి రొట్టె వేసి పెడితే అతను ముట్టలేదు.

"అక్కా, ఈ మాట చెప్పకుండా నీ ఇంట్లో తినలేను. మీ బుట్టలకు కట్టింది ఉత్త రబ్బర్లు. వాటికి వాసన పట్టించలేదు."

ఆమెకు అర్థం కాలేదు.

"వాసన ఉన్న చేనికీ, లేని చేనికీ తేడా చూపిస్తేనే మా పెద్దలు ఒప్పుకుంటారక్కా. ఒక చేనికి ఉత్తవి కట్టాల్సిందే. ఎవరి చేనో బయటపెట్టకూడదు."

రంజాన్ బీ అతని ముందున్న రొట్టె పళ్లెం వెనక్కి లాక్కుంది.

"ఏమప్పా కేశవా! నా రొట్టె తినుకుంటానే నా చేను పురుగులకు పెట్టినావా? ఏడేండ్లు అల్లాను అడుగుతాంటినే! నేను అడగాల్సింది నిన్నా?"

కేశవ తల దించుకున్నాడు.

"నేను ఎంచలేదక్కా. ఐదు పేర్లు రాసి చీట్లు వేసినా. ఎవరి పేరొస్తే వాళ్ల చేనికి ఉత్తవని చెప్పి ఈ అన్ననే తియ్యమన్నా. తీసి, తన పేరే వచ్చిందని చదివినాడు. ఎవరితోనూ అనొద్దని మాట తీసుకున్నది నేనే. అన్న తప్పేం లేదు."

పుస్తకం అరుగు మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

రంజాన్ బీ మెల్లగా భర్త వైపు తిరిగింది.

"నీకు తెలుసునా?"

"తెలుసు."

"గొర్రెల్ని తోలుకపోయేటప్పుడు?"

"తెలుసు."

"బిడ్డను బళ్లారి బస్సెక్కించిన పొద్దు గూడా?"

హుస్సేన్ పీరా తల ఊపాడు.

"ఆయప్పంటే పరాయోడు. నువ్వెవురయ్యా నాకు? నేను చాప మింద పడి ఏడుస్తాంటే పక్కనే కూచ్చొని చూస్తివే! నా బిడ్డ చదువు పాయె. ఆ చీటీ ఆడనే చించేసి, ఇంకోటి తీస్తానని అడిగేకి నోరు రాలేదా నీకు?"

ఆయన లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"చీటీలో వచ్చింది ఓబులమ్మ పేరు రంజానూ, పురిటి జ్వరంలో నువ్వు కండ్లు తెరవకుండా పడింటే నలభై దినాలు మన జమీల్‌కు పాలిచ్చిన తల్లి చేనికి ఆ ఉత్త రబ్బర్లు నా చేతుల్తో ఎట్ల కడుదునే?"