మూడో పిలుపు

"ఇది గంటస్తంభం కాడి బజారే. ఆ సోడాబండి నేనెరుగుదును," అంది నూకాలమ్మ.

ఎవరో ఫేస్‌బుక్‌లో పెట్టిన పాత విజయనగరం ఫొటో అది. మనవరాలు రేఖ ఫోన్‌లో చూపిస్తోంది.

"బండి కాడున్న మనిసిని పెద్దది సెయ్యే."

రేఖ చేసింది. ముసలామె ఆ మనిషి మీద వేలు పెట్టింది.

"మీ తాతే! సొక్కా భుజానికి నా సీర ముక్కేసి కుట్టినాను, సూడు."

"తాత సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రానిది డెబ్బై ఏడులో కదా మామ్మా? ఇది డెబ్బై ఎనిమిదిలో తీసిందని రాశారు."

నూకాలమ్మ గుమ్మం వైపు చూసింది.

"శవం దొరకనేదు. గడ్డిబొమ్మని కాల్సి దినం పెట్టీసినాం. తరవాత ఒకనాడు మిట్టమజ్జేనం, గుమ్మం కాడ నన్ను పేరెట్టి పిలిసినాడే."

"తలుపు తియ్యలేదా?"

"సచ్చినోలు రెండుసార్లే పిలుస్తారు, మూడోసారి పిలిస్తేనే మనిసి అని మా అత్త సెప్పింది. గడియ మీద సెయ్యేసి నిలబడ్డాను."

"మూడోసారి పిలిచాడా?"

"నేదు. ఎలిపోనాడు."

ఫొటోలో ఆ మనిషి ఎవరినో పిలుస్తున్నట్టు నోరు తెరిచి ఉన్నాడు. నూకాలమ్మ ఫోన్ మీదికి వంగింది.

"ఉండు, తలుపు తీస్తన్నాను," అంది.