రెండో ప్రాసెసర్

"ఇవాళ కూడా అవలేదనే చెప్పమంటారా అండి?" ఎడిటర్ ఆశాజ్యోతి మెల్లగా అడిగింది.

స్టూడియో యజమాని కుక్కుటేశ్వరరావు కుర్చీ కంప్యూటర్ ముందుకి లాక్కున్నాడు. తాను టిఫిన్‌కి వెళ్ళేటప్పుడు తెర మీద పని ఎంతవరకు వచ్చిందో చూపే పచ్చగీత ఎక్కడుందో, తిరిగొచ్చేసరికీ దాదాపు అక్కడే ఉంది.

రాజమండ్రిలో పెళ్ళి వీడియోల స్టూడియోలకి కొదవ లేదు. రెండు ప్రాసెసర్ల కంప్యూటర్ మాత్రం తన దగ్గరే ఉందని ఆయనకి గొప్ప. దసరాకి దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ కూడా వేశాడు. అంత గారాబం చేసిన మిషన్, మూడు రోజుల్లో తెమల్చాల్సిన పనిని వారం రోజులుగా పొద్దస్తమానం నానుస్తోంది.

అది కూడా ఎవరి పెళ్ళికి? కడియం హెడ్మాస్టరు యెహెజ్కేలు గారి అమ్మాయి సారిక పెళ్ళికి. ఆయన రిటైరయ్యారుగానీ అక్కడి చర్చి సంఘంలో ఇప్పటికీ పెద్ద. ఆయన బాగుందంటే సంఘంలో పెళ్ళిళ్ళన్నీ ఈ స్టూడియోకే వస్తాయి, పెదవి విరిస్తే ఒక్కటీ రాదు. మాట్లాడుకున్న రోజే, "చెప్పిన తేదీకి ఇవ్వకపోతే బెంచీ ఎక్కిస్తానయ్యా" అన్నారు. నవ్వకుండా అన్నారు. ఆ తేదీ దాటిపోయింది.

"ఫోన్ చేస్తే ఎత్తడం లేదమ్మా. ఒళ్ళు మండిపోతుంటుంది ఆయనకి" అన్నాడు కుక్కుటేశ్వరరావు.

ఆశాజ్యోతి ఏదో అనబోయి ఆగిపోయింది. ఇంతలో తలుపు తోసుకుని హెడ్మాస్టరు గారి భార్య రూతమ్మ వచ్చింది.

సీజనంతా పిఠాపురం వైపు పెళ్ళిళ్ళతో తిరిగి, కుక్కుటేశ్వరరావు ఈ వారమే స్టూడియోలో కుదురుగా కూర్చున్నాడు. కూర్చున్న రోజు నుంచీ ఆవిడ తప్పకుండా వస్తోంది. తెల్లచీర, చేతిలో బైబిలు. చర్చికి వెళ్ళే ఆడవాళ్ళు తెల్లచీర కట్టుకోవడం ఆయనకి కొత్త కాదు, ప్రార్థన నుంచి నేరుగా వస్తోందనుకునేవాడు. బొట్టు లేని ఆ ముఖంలో కోపం ఉందో లేదో మాత్రం ఆయనకి అంతుపట్టేది కాదు.

"మిషన్ కొంచెం మొరాయిస్తోందండి. బాగుచేసే ఆయన వస్తున్నాడు. హెడ్మాస్టరు గారికి నేనే ఫోన్ చేసి..."

"ఆయనకెందుకండి, నాకు చెప్పారు చాలు. నాకేం తొందర లేదండి."

ఆ మర్యాదకి ఆయన గుండె ఇంకా జారిపోయింది. భర్త కసిరి పంపిస్తుంటే పాపం ఈవిడ కడుపులో పెట్టుకుని వస్తోందనుకున్నాడు. రూతమ్మ రోజూలాగే మూలనున్న చిన్న కంప్యూటర్ ముందు కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కత్తిరించని పెళ్ళి వీడియో చూడసాగింది. అలంకరణ గదిలో కూతురు, వంటవాళ్ళ మీద కేకలేస్తున్న హెడ్మాస్టరు, కుర్చీల మధ్య పరుగులు తీసే పిల్లలు. పూర్తయిన వీడియోలో వీటిలో సగం ఉండవు.

మెకానిక్ అనిల్ కుమార్ వచ్చి మిషన్ పక్కరేకు విప్పాడు. దుమ్ము ఊదాడు, వేడి చూశాడు, వైరస్ ఉందేమో వెతికాడు. ఎక్కడా ఏ లోపమూ కనిపించలేదు.

"పసుపు గానీ లోపలికి పోయిందంటావా?" అడిగాడు కుక్కుటేశ్వరరావు.

"పసుపుకి ఆగదండి ఇది" అంటూ అతను సెట్టింగులు ఒక్కొక్కటే తెరవసాగాడు. కాసేపటికి కుర్చీ వెనక్కి జరిపాడు. "దీనికి ప్రాసెసర్లు రెండు కదండి. పనిచేస్తోంది ఒక్కటే."

"రెండోది కాలిపోయిందా?"

"నిక్షేపంలా ఉందండి. ఎవరో ఆపేశారు. పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఆపితే తప్ప ఆగదు. మళ్ళీ ఆన్ చేశాను, ఇంక పరిగెడుతుంది."

పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు ఇద్దరే. అనిల్ కుమార్ వెళ్ళేదాకా కుక్కుటేశ్వరరావు ఓపికపట్టాడు.

"నువ్వేనా?"

"నేనేనండి." ఆశాజ్యోతి దాచలేదు.

"ఎందుకమ్మా? మీ సంఘంలో నన్ను తలెత్తుకోనివ్వకుండా చేద్దామనా?"

"మిషన్ బాగుంటే వీడియో ఎప్పుడో అయిపోయేదండి. అయిపోగానే మిగతాదంతా చెరిపించేస్తారు మీరు. ఎవరడిగినా కత్తిరించని వీడియోని గడప దాటనివ్వరు." ఆమె మూలకి చూసింది. "ఆవిడ రోజూ వచ్చేది అది చూసుకోవడానికేనండి. ఆపిన సంగతి ఆవిడకి తెలీదు."

కుక్కుటేశ్వరరావు అటు తిరిగాడు. రూతమ్మ చూసిన ముక్కనే వెనక్కి జరిపి మళ్ళీ చూస్తోంది. తనలో తనే నవ్వుకుంటోంది. నిరుడు తన కూతుర్ని అత్తవారింటికి పంపిన సాయంత్రం, ఇంట్లో ఏ గదిలోకీ వెళ్ళబుద్ధి కాక అరుగు మీదే కూర్చుండిపోవడం ఆయనకి గుర్తొచ్చింది. కోపమంతా ఎటు పోయిందో పోయింది. పాపం ఆ తల్లి మనసు తెలుసుకోకుండా, మిషన్ గురించీ పేరు గురించీ వారంగా గింజుకున్నందుకు సిగ్గేసింది.

"ఈ ఒక్కసారికి పద్ధతీ గిద్ధతీ పక్కన పెట్టు" అన్నాడు. "ఒక్క ముక్క వదలకుండా అంతా హార్డ్ డిస్కులో ఎక్కించి ఇచ్చెయ్. ఇంట్లో హెడ్మాస్టరు గారూ ఆవిడా తీరిగ్గా కూర్చుని చూసుకుంటారు."

ఆశాజ్యోతి కళ్ళు తుడుచుకుంది. "ఆ సంగతి తెలిస్తే మీరు జాలిపడి, అన్ని పనులూ మానుకుని ముందు ఇదే పూర్తిచేసేస్తారని, మీకు చెప్పొద్దన్నారండి ఆవిడ."

"ఏ సంగతి?"

"పెళ్ళైన వారానికే హెడ్మాస్టరు గారిని సమాధి చేశామండి."