కరుణమ్మ మెచ్చని ఫిరంగులు

"ఇవి ఫిరంగులా, ఎండిపోయిన బెండకాయలా?"

కరుణమ్మ కాఫీ గ్లాసు బల్లమీద టక్కున పెట్టి అడిగింది. మొగుడు ప్రేమానందం ఆకురాయి ఆడిస్తూనే ఉన్నాడు. వాళ్ళిద్దరికీ ఆ పేర్లు పెట్టిన పెద్దవాళ్ళు ఈ ఇంట్లో ఒక్క పూట ఉండి చూస్తే బాగుండేది.

జగ్గయ్యపేటలో నౌకాయుద్ధం జరిగే ప్రమాదం ఏమాత్రం లేదు. ఊరి చుట్టూ ఉన్నది సిమెంటు దుమ్మూ, సున్నపురాయి లారీలూను. అయినా ప్రేమానందం ముందుగదిలో మూరెడు పొడుగు తెరచాపల యుద్ధనౌక ఒకటి తయారవుతోంది. ఆ బొమ్మ ఓడ ముక్కల పెట్టెని నందిగామ నుంచి బావమరిది బెన్ని తెచ్చాడు. "ఖాళీగానే ఉన్నావుగా బావా, కాలక్షేపం" అన్నాడు. ఆదివారం ఆదివారం వచ్చి ఓడని వాడే అతికించాడు. ఫిరంగులు మాత్రం బావకి వదిలేశాడు.

నలభై ఫిరంగులు. ఒక్కోటి అగ్గిపుల్లలో సగం. సీసపు గొట్టాన్ని ఆకురాయితో నున్నగా అరగదియ్యాలి. దాన్ని మోసే బండికి కందిబద్దంత చక్రాలు అతికించాలి. గొట్టానికి నల్లరంగు, బండికి ఎర్రరంగు. చివర్న గొట్టం చుట్టూ వెంట్రుకంత బంగారు గీత.

ప్రేమానందం ఆషామాషీ పెయింటరు కాదు. చిల్లకల్లు దగ్గర హైవే పక్కన ముప్ఫయ్యేళ్ళు లారీలకి అక్షరాలు రాసినవాడు. అతను ఉత్త చేత్తో గీసిన గీత చూసి స్కేలు సిగ్గుపడేది. ఆ షాపు షట్టరు దించి ఆర్నెల్లయింది. ఎందుకని ఎవరైనా ఫోన్లో అడిగితే, "స్టిక్కర్లొచ్చాక చేతిరాత ఎవడిక్కావాలండీ" అనేవాడు. అడిగినవాళ్ళు అయ్యో అని పెట్టేసేవాళ్ళు.

అంతటి ఆర్టిస్టు మొదటి ఫిరంగి మీద వేసిన గీత వానపాము పాకినట్టు వచ్చింది.

"లారీ అంటే వెళ్ళిపోద్ది, ఎవడూ గుర్తుపెట్టుకోడు. ఇది ఇంట్లో ఉండేది కదయ్యా" అంది కరుణమ్మ. "గీకెయ్. మళ్ళీ వెయ్."

రెండోదానికి కుంచె ఎడంచేతికి మార్చాడు. మార్చాడో లేదో, ఆమె గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"ఎడంచేత్తోనా? ఎడంచేత్తో మంచినీళ్ళిస్తేనే తప్పు. ఎడంచేత్తో చేసింది తెచ్చి నా షోకేసులో, బైబిలు పక్కన పెడతానా? కాలవలో పారేస్తా."

అన్నంత పనీ చేసే మనిషి. కుంచె మళ్ళీ కుడిచేతికి వచ్చింది.

ఒకరోజు థిన్నరు సీసా మూత రావట్లేదు, కాస్త తియ్యవే అన్నాడు. "ఫిరంగులు నీవీ, మూతలు నావా?" అని టీవీ సౌండు పెంచింది. ఆ మూత వచ్చేసరికి సీరియల్ సగం అయిపోయింది.

ఇదంతా చూసి బెన్ని ఉండబట్టలేకపోయాడు.

"ఏంటక్కా ఆ మాటలు? బావ అసలే బాధలో ఉన్నాడు."

"బాధలో ఉంటే వంకరగా వెయ్యమన్నారా? నువ్వు నోర్మూసుకోరా."

"పాస్టరుగారికి చెబుతా."

"చెప్పు. ఆయనక్కూడా రెండు ఫిరంగులిచ్చి కూర్చోబెడతా."

ప్రేమానందానికి కోపం నషాళానికంటింది.

"బెన్నీ, నువ్వే సాక్షి. నలభయ్యోది అయ్యేలోపు ఈమె నోటితో బావుందనిపిస్తా. అనకపోతే ఓడని మునేట్లో కలిపేసి, షాపు అమ్మేస్తా. మళ్ళీ జన్మలో కుంచె పట్టను."

"పట్టకపోతే ఇల్లు శుభ్రంగా ఉంటది" అంది కరుణమ్మ.

ఇక ఆ ఇంట్లో రోజూ యుద్ధమే. ఫిరంగులు పేలని లోటు ఆమె నోరు తీర్చింది. పదోది వంకర. పదిహేనోది మచ్చ. ఇరవయ్యోదాని చక్రాలు చూసి, "ఈ బండెక్కితే నడుం విరుగుద్ది" అంది. ముప్ఫయ్యోదానికి వంక దొరకలేదు. అందుకని, "ఇదేంటి, నేలచూపులు చూస్తోంది?" అంది. అతను పళ్ళు నూరుతూ గీకేవాడు, మళ్ళీ వేసేవాడు. పౌరుషం కొద్దీ అన్నం గబగబా తిని బల్ల దగ్గరికి వచ్చేవాడు. కరుణమ్మకి మనసన్నది లేదని పక్కింటివాళ్ళు కూడా తీర్మానించారు.

ఒక మధ్యాహ్నం నలభయ్యో ఫిరంగి పూర్తయింది. గొట్టాన్ని పుల్లకి గుచ్చి, ఊపిరి బిగబట్టి, బంగారు గీత చుట్టూ తిప్పాడు. గీత మొదలైన చోటికే వచ్చి కలిసింది. ప్రేమానందానికి ఏడుపొచ్చినంత పనైంది.

"చూడు" అన్నాడు.

కరుణమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఫిరంగిని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. బావుందనలేదు. బాగాలేదనీ అనలేదు. దాన్ని అతని అరచేతిలో పెట్టేసి, ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

ప్రేమానందం ఒళ్ళు మండిపోయింది. ఒక్క మాట అంటే ఆమె నోటి ముత్యాలేమన్నా రాలిపోతాయా? మునేరు దాకా కూడా అక్కర్లేదు, పెరటి నూతిలోనే పడేద్దామని ఓడని రెండుచేతులా ఎత్తుకుని బయల్దేరాడు.

గుమ్మం దగ్గర ఆగిపోయాడు. బట్టలుతికే బండమీద అటు తిరిగి కూర్చుని కరుణమ్మ ఫోన్లో వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"డాక్టరుగారూ, రబ్బరు బంతి పిసకమంటే విసిరికొట్టిన మనిషి, పక్షవాతంతో పడిపోయిన ఆ కుడిచేత్తోనే ఇవాళ వెంట్రుకంత గీత తిప్పాడండీ, ఇంక నేను తిట్టడం మానెయ్యొచ్చాండీ?"